ఎర్ర అట్ట పుస్తకం ఆఖరి పేజీలు

వహీద్ చాచా రేకు పెట్టె మా ముందు గదిలో, టీవీ బల్ల పక్కన ఉంది. అది వచ్చినప్పటి నుంచి ఇంట్లో నా కాలు ఒకచోట నిలవడం లేదు. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకు వెళ్లానో మరిచిపోతాను. మళ్లీ వచ్చి పెట్టె ముందు నిలబడతాను. గొళ్లెం మీద చెయ్యి వేస్తాను, తీసేస్తాను. నా కూతురి కూతురు శ్రీనిధి తొమ్మిదో తరగతి, సెలవులకు నా దగ్గరే నిజామాబాద్‌లో ఉంది. సోఫాలో కాళ్లు మడుచుకుని ఫోన్‌లో ఏదో నవల చదువుతూ, తల ఎత్తకుండానే, "అమ్మమ్మా, తెరువరాదు ఒక్కసారి! పామున్నదా ఏంది అండ్ల?" అంటుంది. పామైతే కర్ర తెచ్చుకునేదాన్ని. ఆ పెట్టె నిండా నవలల ముగింపులు ఉన్నాయి. మొదళ్లు లేవు, నడుమలు లేవు, ఒట్టి ముగింపులే.

తెచ్చినవాడు చాచా మనవడు. బోధన్‌లో ఒకప్పటి తాత దుకాణంలోనే ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. పైకప్పు మార్పిస్తుంటే అటక మీద ఈ పెట్టె బయటపడిందట. ఎవరినో అడిగి నా నంబరు పట్టుకుని, సామాను కొనడానికి నిజామాబాద్ వచ్చిన రోజు ఆటోలో వేసుకొచ్చాడు. "తుక్కోనికి ఇద్దామనుకున్న మేడం. మా దాదీనే ఆపింది. బీడీలోళ్ల పద్మ పుస్తకాలు రాస్తదట, ఆమెకు ఇచ్చి రా అన్నది. అన్నీ ఆఖర్లే ఉన్నయి మేడం, గివేం పుస్తకాలు?" అని నవ్వాడు. చాయ్ తాగి, శ్రీనిధి ఫోన్‌కు పగిలిన అద్దం చూసి, బోధన్ వస్తే ఊరికే మార్చి ఇస్తానని చెప్పి వెళ్లిపోయాడు. గివేం పుస్తకాలో చెప్పాలంటే ఒక పూట పడుతుంది. అతనికి అంత తీరిక లేదు, నాకు అంత నిలకడ లేదు.

నా చిన్నతనంలో బోధన్‌లో, బజారు అవతలి మూల మీద చాచా అద్దె పుస్తకాల దుకాణం ఉండేది. సన్నటి మనిషి, ఇస్త్రీ కమీజు, చెవి మీద పెన్సిలు. మొదట్లో పుస్తకాలు పూర్తిగానే అద్దెకిచ్చేవాడట. ఎవరో ఊరు మారిపోతూ ఆయన నవలలు ఒక బస్తాడు కట్టుకుని పోయారట. ఆ దెబ్బకు ఆయన కొత్త పద్ధతి పెట్టాడు. నవల రాగానే బ్లేడుతో ఆఖరి పేజీలు కోసేవాడు. వాటిని విడిగా దారంతో కుట్టి, పైన పెన్సిలుతో గుర్తు రాసి, రేకు పెట్టెలో పెట్టేవాడు. మిగతా పుస్తకం ఇంటికి తీసుకుపోవచ్చు. ముగింపు కావాలంటే మాత్రం పుస్తకం తెచ్చి అప్పజెప్పి, దుకాణం ముందు బండ మీద నిలబడి చదవాలి. స్టూలు వేసేవాడు కాదు. "కూసుంటే ఇల్లు మరుస్తరు," అనేవాడు. సాయంత్రమైతే ఆ బండ మీద ఎవరో ఒకరు ఉండేవారు. చక్కెర ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చిన కుర్రాళ్లు, ఆంధ్రా నుంచి వచ్చి కాలువ నీళ్ల కింద చెరుకు వేసుకున్న రైతుల క్యాంపుల నుంచి సైకిళ్ల మీద బడికి వచ్చే అమ్మాయిలు. ఒకరు పెదవి కొరుక్కుంటూ, ఒకరు ముక్కు తుడుచుకుంటూ. కూరగాయలకు పోయేవాళ్లు వాళ్ల ముఖాలు చూసి, ఆ నవలలో పెళ్లయిందో చావయిందో చెప్పేసేవారు.

మా ఇంట్లో నవల ఒక్కరి కోసం వచ్చేది కాదు. మాది బీడీల ఇల్లు. అవ్వ, అంటే మా అమ్మ. బాపమ్మ, అంటే బాపు తల్లి, మా నాయనమ్మ. పక్కింటి రాజవ్వ, ఇంకా గల్లీలోని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. పొద్దున వంటలు కాగానే మా లోపలి గదిలో, అర్రలో, గోడల వెంబడి కూర్చుని, ఒళ్లో చాటలు పెట్టుకుని చుట్టడం మొదలుపెట్టేవారు. రాత్రంతా తడి గోనెలో మెత్తబడిన, బీడీలు చుట్టే తునికాకు ఒక వాసన, తంబాకు ఇంకో వాసన. సీజన్‌లో చెరుకు బండ్లు వీధి పొడవునా నిలిచినప్పుడు, ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చే మడ్డి వాసన మూడోది. బాపు చెరుకు యార్డులో పని చేసేవాడు, సీజన్ ఉన్నన్నాళ్లే. ఇంటికొచ్చేసరికి చెప్పుల కింద జిగట. ఆయన మాట్లాడటం కన్నా దగ్గడం ఎక్కువ. ఇంటి మాట బాపమ్మది. ఆమె వేళ్లు చూస్తుంటే ఆకు దానంతటదే చుట్టుకుంటున్నదేమో అనిపించేది. కళ్లు మాత్రం ఎప్పుడూ మా మీదే ఉండేవి.

ఆ అర్రలో అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. బడి నుంచి రాగానే నా పని చదవడం. పుస్తకం పట్టుకున్న చేతులతో బీడీలు చుట్టలేను గనుక, మిగతావాళ్లు తమ చాటల్లోంచి తలా పిడికెడు నా చాటలో వేసేవారు. అది నా కూలి. ఆ కూలికి తగ్గట్టు కట్టుబాట్లు ఉండేవి. ఒక్కదాన్నే ముందుకు చదవకూడదు. చదవడం ఆపగానే పుస్తకం బాపమ్మ తలగడ కిందికి పోవాలి. నాకు ఆ వయసులో ఒళ్లంతా తేళ్లు పాకినట్టు ఉండేది. పక్క పేజీలో ఏం జరిగిందో తెలియకుండా అన్నం ఎట్లా తింటారు, నిద్ర ఎట్లా పోతారు? బాపమ్మ తలగడ వైపు చూస్తూ అటూ ఇటూ తిరిగేదాన్ని. "దానికి కాళ్లల్ల చక్రాలున్నయి," అని రాజవ్వ నవ్వేది. అవ్వ నవ్వేది కాదు. ఆమె తక్కువ మాటల మనిషి, అందులోనూ అత్త ముందు ఇంకా తక్కువ.

మేం ఎక్కువగా తెచ్చుకున్నవి పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లల కథలు. ఇంట్లోంచి పారిపోయిన పిల్లలు, తల్లి లేని పిల్లలు, స్నేహితురాలి కోసం అబద్ధమాడి చిక్కుకున్నవాళ్లు. ముసలమ్మలకు ఆ వయసు పిల్లల కథలెందుకని ఎవరైనా అడగొచ్చు. వాళ్లెవరికీ ఆ వయసు ఉండలేదు. బాపమ్మకు ఆ వయసుకే ఒక బిడ్డ, అవ్వకు చేతి నిండా బీడీలు. పుస్తకం ఎంచడంలో చాచాది ఒకటే పద్ధతి. నేను బండ మీద నిలబడగానే, "మొన్నటి పుస్తకంల ఎవలెవలు ఏడ్చిన్రు బేటీ? యాడ ఏడ్చిన్రు?" అని అడిగేవాడు. రాజవ్వ కుక్క చచ్చిపోయినప్పుడు ఏడ్చింది, బాపమ్మ ఎక్కడా ఏడవలేదు, అవ్వ దండెం మీది బట్టలు తేవడానికని లేచిపోయింది అని చెప్పేదాన్ని. ఆయన పెన్సిలుతో చెవి గోక్కుంటూ కాసేపు ఆలోచించి, వెనక వరసలోంచి ఒకటి లాగేవాడు. తిరిగిచ్చిన పుస్తకాన్ని వాసన చూసి, "మీ ఇంటిది కండ్లు మూసుకొని గుర్తుపడ్త," అనేవాడు. మా తంబాకు వాసన ఆ తర్వాత దాన్ని అద్దెకు తీసుకున్నవాళ్లందరి ఇళ్లకూ పోయింది.

ఇప్పుడు నేనే పిల్లల నవలలు రాస్తున్నాను. పంతులమ్మగా రిటైరయ్యాక అదే పని. తల్లిదండ్రులు ఫోన్ చేసి, మా అమ్మాయికి ఏం చదివించమంటారు మేడం అని అడుగుతారు. మీ అమ్మాయి ఈ మధ్య దేనికి ఏడ్చింది అని నేనడుగుతాను. మా అమ్మాయి ఏడవదండి, చాలా ధైర్యం అంటారు. వాళ్లకు కావలసింది మార్కులు పెంచే నవల. అచ్చువేసేవాళ్లకు కావలసింది సందేశం. శ్రీనిధి సంగతి ఇంకో రకం. ఏ నవలైనా ముందు ఆఖరి అధ్యాయం చదువుతుంది. అది నచ్చితేనే మొదలుపెడుతుంది, నచ్చకపోతే స్నేహితురాళ్ల గ్రూపులో పెట్టేస్తుంది, ఇది చదవకండి, చివర్లో ఏడిపిస్తాడు అని. ఒక్క వేలితో ముగింపు దగ్గరికి పోతుంది. మేం ముగింపు కోసం గల్లీ దాటి, బజారు దాటి, బండ మీద నిలబడేవాళ్లం. చదివేసి ఇంటికి వచ్చేదాకా దాన్ని కడుపులో పెట్టుకుని నడిచేదాన్ని. అర్రలో అందరి వేళ్లూ మెల్లబడేవి. నేను నోటితో చెబితేనే ఆ నవల అయిపోయినట్టు. బాపమ్మ గుచ్చిగుచ్చి అడిగేది. "ఉన్నదున్నట్టు సెప్పు. నీ దిక్కుకెళ్లి కలుపకు." నేను కలిపేదాన్ని కాను. కలిపితే ఆమె పట్టుకునేది. పది రోజుల కింద చదివిన సంగతి కూడా, ఏ గాజులు వేసుకున్నదో ఏ కూర వండిందో, ఆమెకు గుర్తుండేది.

ఎర్ర అట్ట పుస్తకం నా పదో తరగతి అయిపోయిన ఎండాకాలంలో వచ్చింది. పేరున్న కాగితం ఎప్పుడో చిరిగిపోయింది. క్యాంపుల పిల్లలు దానికోసం ఎగబడుతున్నారని చెప్పి చాచా ఇచ్చాడు. అందులో సుగుణ అని ఒక పిల్ల, అప్పటి నా ఈడుదే. తల్లి జబ్బుతో మొదట్లోనే చచ్చిపోతుంది. ఆ పేజీలు చదివిన రోజు అర్రలో అందరూ చాటలు దించారు. ఎక్కడా ఏడవని బాపమ్మ చేతులు కూడా ఆగిపోయాయి, తడి ఆకు ఆమె ఒళ్లోనే ఎండిపోయింది. తర్వాత మేనత్త పెంచుతుంది. పిల్ల బాగా చదువుతుంది, పట్నంలో హాస్టల్లో సీటొస్తుంది. మేనత్త పంపనంటుంది. అదే సమయానికి నాకు నిజామాబాద్‌లో ఇంటర్ సీటు వచ్చింది, హాస్టల్‌తో సహా. బాపమ్మ పంపనన్నది. చదివింది చాలు, చాట పట్టుకోమన్నది. ఇక నా గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అందరూ సుగుణ గురించి మాట్లాడారు.

"పోనియ్యరాదు ఆ పిల్లను! సదువుకుంటే ఏం పోయింది?" అనేది రాజవ్వ. "సదువుకుంటే ఏం పోతదో పోయినంక తెలుస్తది," అనేది బాపమ్మ. అట్లా రోజూ. సుగుణ మేనత్త ఒక మాటంటే బాపమ్మ తల ఊపేది. సుగుణ ఎదురు చెబితే నా వైపు చూసేది, నేను ఎదురు చెప్పినట్టు. నా గుండెను ఎక్కువగా కోసింది అవ్వ. ఒకరోజు బాపమ్మ సూటిగా ఆమెనే అడిగింది, నువ్వేమంటవే అని. అవ్వ బీడీకి దారం చుడుతూనే, "ఆడివిల్ల ఒక్కతి పట్నంల ఎట్ల ఉంటది? అత్త సెప్పిందే నిజం," అన్నది. నాకు చదువుతున్న పేజీ కనబడలేదు. ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు. అవ్వ నా పళ్లెం తీసి పక్కన పెట్టింది. ఆమె మీద నాకు పుట్టిన కోపం చాలా ఏళ్లు నాతోనే ఉంది.

పుస్తకం అయిపోవచ్చింది. సుగుణ మేనత్తకు చెప్పకుండా పెట్టె సర్దుకుని స్టేషన్‌కు పోయి రైలెక్కడంతో మా చేతిలో ఉన్న పేజీలు ఆగిపోయాయి. మిగతాది చాచా పెట్టెలో ఉంది. రాజవ్వ ఊరుకోలేదు. "అత్తా, గీ పిల్ల పోయి బాగుపడితే ఏమంటవ్?" అన్నది. బాపమ్మకు రోషం వచ్చింది. "బాగుపడితే మన పిల్లను గూడ పంపుత తీయ్. లేకుంటే మల్ల నా ఇంట్ల సదువు ముచ్చట ఎత్తొద్దు, ఎవ్వలు!" అన్నది. అందరి ముందూ అన్నది. బాపమ్మ అన్న మాట వెనక్కి తీసుకోవడం మా గల్లీలో ఎవరూ చూడలేదు. నేను అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టాను. బాపమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు కూసో. నువ్వు నీకు అనువుగ సెప్తవు. మీ అవ్వ పోతది. దానికి ఇటు లేదు అటు లేదు. సదువుమని వహీద్‌కు సెప్పు, ఇని రా," అన్నది అవ్వతో.

అవ్వ చాట దించి, కొంగు దులుపుకుని, ఎర్ర అట్ట పుస్తకం పట్టుకుని వెళ్లింది. ఆమె వచ్చేదాకా ఎంతసేపైందో నేను చెప్పలేను. గడప దగ్గరికి, కుండ దగ్గరికి, మళ్లీ గడప దగ్గరికి. తాగిన నీళ్లే మళ్లీ తాగాను. సుగుణ రైలు దిగకూడదు, దిగకూడదు అనుకున్నాను. అనుకుంటే అచ్చయిన పుస్తకం మారదని తెలిసీ అనుకున్నాను. అవ్వ వచ్చింది. కాళ్లు కడుక్కుంది. తన చోట కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని, ఒక ఆకు తీసి కత్తిరించి, అప్పుడు నోరు తెరిచింది.

"పోయింది," అన్నది.

"ఎవలు?" అన్నది బాపమ్మ.

"సుగుణ. పట్నం పోయింది. సదువుకున్నది. టీచరయింది." అవ్వ తల ఎత్తలేదు. "పోయెనాడు తల్లి రొట్టెలు కట్టిచ్చింది, నువ్వుల పొడి పెట్టి. కిటికి కాడ కూసో బిడ్డా అన్నది. కదిలెదాంక తల్లి గాన్నే నిలవడ్డది. ఏడువలే. ఏడిస్తే పిల్ల దిగుతదని ఏడువలే."

మా అవ్వ అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు. రాజవ్వ ఏదో అనబోయి నోరు తెరిచింది. బాపమ్మ ఆమె వైపు చూసింది. రాజవ్వ నోరు మూసుకుని ఆకు తీసుకుంది. బాపమ్మ అవ్వను చాలాసేపు చూసింది. చూసి, చేతిలో బీడీ మూతి మలిచి, దారం కట్టి, చాటలో వేసింది. "మాటంటె మాట. నా కొడుక్కు సెప్పు, పిల్లకొక పెట్టె తెమ్మని," అన్నది. నేను ఇంట్లోంచి బయటికి ఉరికాను. గల్లీ చివరిదాకా ఉరికి, అక్కడ ఏం చెయ్యాలో తెలియక మళ్లీ ఉరికొచ్చాను.

ఆ ముగింపు మీదనే నా బతుకు నడిచింది. నిజామాబాద్ హాస్టల్, డిగ్రీ, ఉద్యోగం, ఈ ఇల్లు, ఈ నవలలు. ఎన్ని బళ్లలో ఎంతమంది ఆడపిల్లలకు ఆ ఎర్ర అట్ట పుస్తకం కథ చెప్పానో. చదవండే, దొరికితే చదవండి, ఆ పిల్ల ఎట్లా పోయిందో చూడండి అని. పేరు తెలియని పుస్తకాన్ని అంతమందికి చదవమని చెప్పినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. మొన్న శ్రీనిధికీ చెప్పాను. సుగుణ తల్లి చావడం దగ్గర నుంచి మా అవ్వ చెప్పిన ముగింపు దాకా అంతా చెప్పి, ఆ ఆఖరి పేజీలు ఈ పెట్టెలోనే ఉండాలి అన్నాను. "అయితే ఇగ తెరువు!" అని ఆమే గొళ్లెం లాగేసింది.

పాత కాగితం వాసన వచ్చింది. దాని కింద ఎక్కడో తంబాకు వాసన కూడా ఉన్నట్టనిపించింది, అది నా భ్రమ కావచ్చు. కుట్లు వేసిన ముగింపులు, వందలు. ఎవరెవరో చచ్చిపోతున్నారు, ఎవరెవరో పెళ్లిపీటల మీద కూర్చుంటున్నారు, ఎవరో తెలియకుండానే. నేను గబగబా తిరగేశాను. పేజీల్లో సుగుణ అన్న పేరు కనబడేసరికి లేచి నిలబడ్డాను. నిలబడే చదివానని చదివాక తెలిసింది.

సుగుణ రైలెక్కింది. పక్క స్టేషన్‌లో దిగిపోయింది. పట్టాల పక్కనే నడుచుకుంటూ వెనక్కి వచ్చింది. మేనత్త తలుపు తీసింది. వానాకాలానికి మేనత్త కొడుకుతో పెళ్లయింది. సుగుణ తన పుస్తకాలు మూట కట్టి అటక మీద పెట్టి, పొయ్యి ముట్టించింది. నవల అయిపోయింది.

నాకు ఒళ్లు మండింది. రాసింది ఎవరో గానీ, ఎదురుగా ఉంటే నాలుగు దులిపేదాన్ని. పట్టాల పక్కన నడవడానికి ఉన్న బలం ముందుకు పోవడానికి లేదా ఆ పిల్లకు? ముందు గది నుంచి వాకిట్లోకి, వాకిట్లో నుంచి ముందు గదికి తిరిగాను. కోపం తగ్గేసరికి భయం పట్టుకుంది. ఈ కాగితాలు నేనే తెచ్చి చదివి ఉంటే, ఉన్నదున్నట్టు చెప్పి ఉండేదాన్ని. అప్పుడు నా చాట నా ఒళ్లోకి వచ్చేది. రాజవ్వ కూతురు అట్లాగే బతికింది, పిల్లలను పెంచింది, నాకన్నా ఎక్కువ నవ్వుతుంది కూడా. అయినా ఆ పేజీలు మళ్లీ మొదటి నుంచి చదివాను. "చాచానే మార్చి చదివాడేమో. మా సంగతి ఆయనకు తెలుసు, నా మీద ప్రేమ ఉండేది," అన్నాను పైకే.

శ్రీనిధి ఆ పేజీలు నా చేతిలోంచి తీసుకుని చూస్తోంది. "కాదు అమ్మమ్మా," అన్నది. "సుగుణ వాళ్ల అమ్మ మొదట్లనే చచ్చిపోయింది అన్నవ్ గదా. మరి రొట్టెలు కట్టిచ్చింది ఎవరు? ఆ తాతైతే పుస్తకాలన్నీ తెలిసినాయన, గట్ల మిస్టేక్ ఎందుకు చేస్తడు? మీ అవ్వనే చెప్పింది. ఫుల్లుగ సొంతంగ."

నేను పెట్టె పక్కన కింద కూర్చున్నాను. ఆ తల్లి చావును నా నోటితోనే చదివాను. బడిలో పిల్లలకు ఆ కథ చెప్పినప్పుడల్లా తల్లిని మొదట చంపి, చివర బతికించి చెప్పాను, ఒక్కసారి కూడా తట్టలేదు. ఆనందంలో విన్న మాటను మనిషి తిరగేసి చూడడు. కానీ ఆ అర్రలో ఆనందం నాకొక్కదానికే. మిగతావాళ్లు నింపాదిగా విన్నారు. రాజవ్వ ఎందుకు నోరు తెరిచిందో, ఎందుకు మూసుకుందో ఇప్పుడు అర్థమైంది. అవ్వ పుస్తకాన్నే మరిచిపోయింది. సుగుణ చోట నన్ను పెట్టుకుని, ఆ తల్లి చోట తనే నిలబడింది. అందరి ముందూ అత్త మాటే నిజమని చెప్పిన మనిషి, బండ మీది నుంచి ఇంటికి నడిచే దారిలో ఆ ముగింపు కట్టింది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. నాకు ఆమె కాళ్లు పట్టుకోవాలనిపించింది, పట్టుకోవడానికి కాళ్లు లేవు. శ్రీనిధి ఫోన్ పక్కన పెట్టి నా పక్కన కూర్చుంది. "మరి మీ బాపమ్మకు తెల్వలేదా?" అని మెల్లగా అడిగింది.

నేను నిజామాబాద్ బస్సెక్కిన పొద్దు గుర్తుకొచ్చింది. బాపు పెట్టె పైకి ఎక్కించాడు. అవ్వ జొన్నరొట్టెలు కట్టిచ్చింది, నువ్వుల పొడి పెట్టి. కిటికీ దగ్గర కూర్చోమన్నది. బస్సు పక్కనే నిలబడింది. ఇంజను మోగగానే ఆమె ముఖం ముడుచుకుపోయింది, కొంగు నోట్లో కుక్కుకుంది. బాపమ్మ వెనక నుంచి వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది. కిటికీలోంచి నాకు వినబడేట్టే అన్నది.

"ఏందే గా ఏడుపు? బుక్కుల తల్లి ఏడువలేదంటివి గదా. నిలవడు సక్కగ."